గడప లోపలి కుక్క

తెలుగు పల్లెల్లో కుక్క చాలాకాలం గడప బయటి జంతువుగానే బతికింది. వాకిట్లోనో, పశువుల పాకలోనో, చేని గట్టు మీదనో కాపలా కాస్తూ, ఇంటిల్లిపాదీ తినగా మిగిలిన అన్నంతో కడుపు నింపుకునే ఆ జంతువుకు మలమూత్రాలు ఎక్కడ విడవాలో నేర్పే అవసరం ఎవరికీ కలగలేదు. పాకే వయసు పసిబిడ్డతో ఒకే చాప మీద దాన్ని కూర్చోబెట్టే సందర్భమూ అరుదుగానే వచ్చేది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో ఫ్లాట్లు పెరిగి, మట్టి నేల చూడని రెండు మూడు గదులే కుక్కకు లోకమైన తరువాత ఈ రెండు అవసరాలూ దాదాపు ఒకేసారి తలెత్తాయి. మొదటిదాన్ని శుభ్రతకు, రెండోదాన్ని భద్రతకు సంబంధించిన సమస్యగా విడదీసి చూడడం పరిపాటి. అయితే జంతు ప్రవర్తన శాస్త్రం ప్రకారం రెండింటిలోనూ కుక్క నేర్చుకునే తీరు ఒక్కటే, మనిషి చేసే పొరపాటూ ఒక్కటే. కుక్కను కొట్టి నేర్పితే అది నేర్చుకునేది దాపరికమని ఈ అధ్యాయంలోని చాలా ఉదాహరణలు చూపుతాయి.

కుక్కపిల్ల పుట్టినప్పుడు దాని కళ్ళు తెరుచుకోవు, చెవులు వినవు, తనంతట తాను మూత్రం విడవడం కూడా దానికి చేతకాదు. తల్లి పొత్తికడుపు కింద నాకినప్పుడే విసర్జన జరుగుతుంది; విసర్జించినదాన్ని తల్లే నాకేస్తుంది కనుక మొదటి రెండు మూడు వారాలు పిల్లలు పడుకునే చోటు పొడిగా, వాసన లేకుండా ఉంటుంది. మూడో వారం దాటి కాళ్ళు నిలదొక్కుకోగానే పిల్లలు పడక వదిలి నాలుగడుగులు అవతలికి వెళ్ళి విసర్జించడం మొదలుపెడతాయి. పడుకునే చోటును పాడుచేసుకోకుండా ఉండే ఈ సహజ లక్షణాన్ని గూటి పారిశుద్ధ్యం అనవచ్చు. కుక్క తోక వంకర అన్న సామెత పట్టుకుని దాని అలవాట్లు మారవని నిరాశపడేవారు గమనించవలసినదేమంటే, ఇంట్లో శుభ్రంగా ఉండడమనే గుణంలో సగం కుక్క పుట్టుకతోనే తెచ్చుకుంటుంది. మిగిలిన సగం గూటి హద్దును విస్తరించడం. కుక్కపిల్ల దృష్టిలో తాను ముడుచుకుని పడుకునే గోనెసంచే గూడు. పక్క గది, వంటగది, చివరికి పూజగది కూడా దానికి గూటి బయటి ప్రదేశాలే. యజమాని దాన్ని మొదటిరోజే ఇల్లంతా తిరగనిచ్చి, అది పడకకు దూరంగా వెళ్ళి పూజగది గుమ్మంలో మూత్రం పోస్తే, తన జాతి ధర్మం ప్రకారం అది శుభ్రత పాటించినట్టే లెక్క.

అందువల్ల అనుభవజ్ఞులైన శిక్షకులు మొదటి వారాల్లో కుక్కపిల్లను ఒక చిన్న జాగాకే పరిమితం చేసి, ఆ జాగాలో అది శుభ్రంగా ఉండడం అలవాటయ్యాక ఒక్కొక్క గదినే తెరుస్తూ పోతారు. ఏడో వారం నుంచి తొమ్మిదో వారం వరకు ఉన్న కాలం ఇందులో కీలకమైనది. పాదాల కింద గడ్డి ఉందా, మట్టి ఉందా, సిమెంటు ఉందా, కాగితం ఉందా అన్నదాన్ని బట్టి విసర్జనకు తగిన నేల ఏదో కుక్క ఈ దశలోనే స్థిరపరచుకుంటుంది. ఇరుకు బోనులో తన మలంలోనే పడుకోక తప్పని స్థితిలో పెరిగిన పిల్లకు గూటి పారిశుద్ధ్యం మొద్దుబారిపోతుంది కాబట్టి అటువంటి చోటు నుంచి తెచ్చిన పిల్లకు ఈ అలవాటు నేర్పడం ఎంతో కష్టం. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదని మన దేశంలో 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు చెబుతున్నాయి. నెల దాటగానే చేతిలో పెట్టే అమ్మకందార్లు ఇప్పటికీ ఉన్నారు గనుక, కొనేవారే తల్లిని, పిల్లలు పెరిగిన చోటును కళ్ళారా చూసి రావడం మంచిది.

స్థలం తరువాత చూడవలసినది వేళ. కుక్కపిల్ల మూత్రాశయం చిన్నది, దాన్ని బిగించి ఉంచే కండరాల మీద పట్టు ఇంకా కుదరనిది. నెలల వయసుకు ఒకటి కలిపితే వచ్చే సంఖ్య ఎంతో, పగటిపూట అన్ని గంటలకు మించి అది ఆపుకోలేదని శిక్షకులు ఒక మోటు లెక్క చెబుతారు. ఆ లెక్కన రెండు నెలల పిల్లకు మూడు గంటలే గరిష్ఠం, మెలకువగా ఆడుతున్నప్పుడైతే అంతకూడా కాదు. కడుపులో ఆహారం పడగానే పెద్దపేగు కదలికలు పుంజుకోవడం క్షీరదాలన్నిటిలో కనిపించే శరీరధర్మం కనుక తిన్న కొద్దిసేపటికే మలవిసర్జన అవసరం వస్తుంది. నిద్ర లేవగానే, తిన్న పదీ ఇరవై నిమిషాల్లో, గంతులు వేసి ఆడిన వెంటనే, రాత్రి పడుకోబోయే ముందు కుక్కపిల్లను ఒకే చోటికి తీసుకువెళ్ళడమనే సలహాకు ఆధారం ఇదే. పెరుగన్నం గిన్నె పొద్దస్తమానం నేల మీద ఉంచి కుక్క ఎప్పుడు తింటుందో తెలియని ఇళ్ళలో అది ఎప్పుడు విసర్జిస్తుందో కూడా తెలియదు. భోజనానికి వేళ పెడితే విసర్జనకూ వేళ ఏర్పడుతుంది.

బయట సరైన చోట విసర్జించిన క్షణంలో ఏం జరుగుతుందన్నది మూడో విషయం. జీర్ణక్రియపై చేసిన కృషికి 1904లో నోబెల్ బహుమతి అందుకున్న రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్, ఆహారంతో పాటు పదేపదే వినిపించిన శబ్దానికి సైతం కుక్కల నోట లాలాజలం ఊరడాన్ని విపులంగా పరిశీలించాడు. సంబంధం లేని రెండు సంగతులు వెంటవెంటనే జరుగుతూ ఉంటే మొదటిది రెండోదానికి సంకేతంగా మారడాన్ని మనస్తత్వశాస్త్రంలో నిబంధనం అంటారు. ఎప్పుడూ ఒకే మాట పలుకుతూ, ఒకే మూలకు తీసుకువెళితే కొన్నాళ్ళకు ఆ మాటే విసర్జనకు సంకేతమవుతుంది. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పంజరాల్లో పెట్టిన పిల్లులపై ప్రయోగాలు చేసి 1898లో ప్రకటించిన పరిశోధన మరో సంగతి తేల్చింది: సంతృప్తినిచ్చే ఫలితం కలిగిన పని మళ్ళీ జరుగుతుంది. ఇలా ఒక పనిని ఫలితం ద్వారా బలపరచడాన్ని పునర్బలనం అంటారు. ఇక్కడ మెళకువంతా వేళలోనే ఉంది. ఉడికించిన కోడిమాంసం ముక్కో, ఆప్యాయమైన మాటో విసర్జన పూర్తయిన రెండు మూడు క్షణాల్లో, ఆ చోటనే అందాలి. లిఫ్టెక్కి ఇంటికి వచ్చాక వంటగదిలో ఇచ్చే బిస్కట్టు కుక్కకు వంటగదికి తిరిగి వచ్చినందుకు ముట్టిన బహుమతే అవుతుంది. అలాగే పని పూర్తయిందో లేదో మరుక్షణమే ఇంట్లోకి లాక్కుపోతే, త్వరగా కానిస్తే షికారు అయిపోతుందని గ్రహించి కుక్క ఆలస్యం చేయడం నేర్చుకుంటుంది. ఆ తెలివి చూసి కోపం తెచ్చుకోవడం కన్నా మరో ఐదు నిమిషాలు నడిపించడం తేలిక.

పదో అంతస్తులో ఉండేవారు బాల్కనీలో పాత దినపత్రికలు పరిచి అలవాటు చేయడం తప్పేమీ కాదు. కాకపోతే కాగితం మీదే పోయాలని నేర్చుకున్న కుక్క, కింద పడి ఉన్న ఆనాటి పేపరుకూ అదే మర్యాద చేస్తుంది. పచ్చగడ్డి ముక్క పెట్టిన పళ్ళెం మెరుగైన ఏర్పాటు.

పొరపాటు జరిగిన చోటును శుభ్రం చేయడంలో ముక్కుదే పెద్ద పాత్ర. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50-60 లక్షలైతే కుక్క ముక్కులో అవి 20 కోట్లకు పైమాటే. మనకు పోయిందనిపించిన వాసన దానికి పోదు; పాత వాసన ఉన్న చోటే విసర్జన స్థలమని అది నమ్ముతుంది. అమోనియా కలిసిన ద్రావణాలతో కడిగితే మూత్రంలో సహజంగా ఉండే వాసనకు మరికొంత జోడించినట్టవుతుంది. ఘాటైన ఫినాయిలు వాసనను కప్పిపుచ్చుతుందే తప్ప మూత్రంలోని పదార్థాలను విడగొట్టదు. ఆ పదార్థాలను విడగొట్టే ఎంజైములు కలిసిన ద్రావణాలు ఇప్పుడు పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతున్నాయి. అవి వాడడం ఉత్తమం.

ఇంతవరకు చెప్పినదంతా ఓపికతో కూడిన పని కావడం వల్లనే కాబోలు, తరతరాలుగా దీనికి అడ్డదారి ఒకటి వాడుకలో ఉంది. నేల మీద తడి కనిపించగానే కుక్కను లాక్కొచ్చి, ముక్కును అందులో రుద్ది, చుట్టిన పేపరుతో రెండు తగిలించడం ఆ దారి. కుక్క చెవులు వాల్చి, కళ్ళు తిప్పుకుని, తోక ముడుచుకోవడం చూసి తప్పు తెలుసుకుందని యజమాని తృప్తిపడతాడు. ఈ 'తప్పుచేసిన మొహం' సంగతిని కుక్కల ప్రవర్తన పరిశోధకురాలు అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో ప్రకటించిన ఒక చక్కటి ప్రయోగం పరీక్షించింది. 14 పెంపుడు కుక్కలను తీసుకుని, తినుబండారం ముట్టవద్దని యజమాని చెప్పి గది బయటికి వెళ్ళిన తరువాత, ఆమె కొన్నిసార్లు దాన్ని కుక్కకు తినిపించి, కొన్నిసార్లు తినిపించక, బయట ఉన్న యజమానికి మాత్రం ఒక్కోసారి నిజం, ఒక్కోసారి అబద్ధం చెప్పింది. కుక్క తిన్నదా లేదా అన్నదానితో ఆ మొహానికి సంబంధం కనిపించలేదు. యజమాని తిట్టినప్పుడే అది కనిపించింది, ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో మరింత స్పష్టంగా కనిపించింది. అంటే ఆ మొహంలో ఉన్నది పశ్చాత్తాపం కాదు, ఎదుట నిలబడ్డ మనిషి కోపాన్ని చల్లార్చే ప్రయత్నం. కొన్ని చిన్న కుక్కలు తిట్టిన వెంటనే ఒదిగిపోయి అక్కడికక్కడే రెండు చుక్కలు మూత్రం విడుస్తాయి. దాన్ని మొండితనంగా భావించి మళ్ళీ కొట్టేవారున్నారు గాని, అది కుక్కల భాషలో లొంగిపోయానని చెప్పే మాట, కొట్టినకొద్దీ ఎక్కువవుతుంది.

గంట క్రితం చేసిన పనిని ఇప్పటి దెబ్బతో ముడిపెట్టుకోవడం కుక్కకు అసాధ్యం. చేస్తుండగా పట్టుబడి దెబ్బ తిన్నప్పుడు ముడిపెట్టుకుంటుంది గాని, యజమాని కోరిన పద్ధతిలో కాదు. ఇంట్లో పోయకూడదన్న నియమం దానికి అందదు. మనిషి చూస్తుండగా పోయకూడదన్న నియమం మాత్రం బాగా అందుతుంది. అటువంటి కుక్కను రోడ్డు మీద గొలుసుతో అరగంట తిప్పినా మనిషి పక్కనే ఉన్నాడు గనుక బిగబట్టుకుని, ఇంటికి వచ్చాక సోఫా వెనకాల, మంచం కింద పని ముగించుకుంటుంది. ఇక దానికి సరైన చోట బహుమతి ఇచ్చే అవకాశం కూడా యజమానికి మిగలదు.

శిక్షకు శాస్త్రం పేరుతో దొరికిన అండ కూడా ఒకటుంది. రుడాల్ఫ్ షెంకెల్ అనే స్విస్ శాస్త్రవేత్త బాసెల్ నగరపు జంతుప్రదర్శనశాలలో బంధించి ఉంచిన తోడేళ్ళను గమనించి 1947లో రాసిన వ్యాసం నుంచి, గుంపులో ప్రతి తోడేలూ అధిపతి స్థానం కోసం పోరాడుతుందన్న అభిప్రాయం పుట్టింది. తోడేళ్ళ పరిశోధకుడు డేవిడ్ మెక్ 1970లో వెలువరించిన తోడేళ్ళ గ్రంథం ద్వారా అది మరింత వ్యాపించి, ఇంట్లో మనిషే అధిపతి అని కుక్కకు చూపించాలనే బోధగా మారింది. తరువాత ఆర్కిటిక్ ప్రాంతంలోని ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్ళను ఏళ్ళ తరబడి చూసిన మెక్, సహజ పరిస్థితుల్లో గుంపంటే తల్లీ తండ్రీ వాటి పిల్లలూ కలిసిన కుటుంబమేనని 1999లో రాసి, తానే ప్రచారంలోకి తెచ్చిన అభిప్రాయాన్ని తానే సరిదిద్దాడు. శాస్త్రంలో ఇటువంటి నిజాయితీ అరుదు. ఆ సవరణ మాత్రం కుక్కల శిక్షకులందరికీ ఇంకా చేరలేదు. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలపై జరిపి 2020లో ప్రకటించిన అధ్యయనంలో, గొలుసు గుంజడం, అరవడం వంటి పద్ధతులతో నేర్చుకున్న కుక్కల్లో ఒత్తిడి సమయంలో ఊరే కార్టిసాల్ అనే హార్మోను శిక్షణ తరువాత ఎక్కువగా కనిపించగా, బహుమతులతో నేర్చుకున్నవాటిలో అటువంటి పెరుగుదల కనిపించలేదు.

పిల్లలున్న ఇంట్లో ఈ చర్చ నేల శుభ్రతను దాటి ప్రాణం దాకా వెళుతుంది. కుక్క మనుషులతో మెలిగే తీరుకు పునాది మూడో వారం నుంచి పన్నెండో వారం లోపల పడుతుందని అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ దీర్ఘకాలం జరిపి 1965లో గ్రంథస్థం చేసిన పరిశోధనలు నిరూపించాయి. ఎదుటి జీవులను తనవారిగా గుర్తించే ఈ కాలాన్ని సాంఘికీకరణ దశ అంటారు. పద్నాలుగు వారాల వరకు మనిషి స్పర్శ తెలియకుండా పెరిగిన కుక్కపిల్లలు ఆ తరువాత ఎంత లాలించినా మనుషులకు బెదిరినట్టు 1961లో వెలువడిన మరో ప్రయోగం చూపింది. ఇందులో మరువకూడని అంశం, పెద్దలకు అలవాటైన కుక్క పసిపిల్లలకు అలవాటైనట్టు కాదు. తూలుతూ నడిచే, ఉన్నట్టుండి కీచుమనే, గుప్పిట దొరికిన వెంట్రుకలు పీకే రెండేళ్ళ బిడ్డ కుక్కకు వేరే జాతి జంతువులాగే కనిపిస్తుంది.

మొరిగే కుక్క కరవదు అన్న సామెతలో కొంత నిజముంది, అది చెప్పని సగం అంతకన్నా విలువైనది. కుక్క ఎవరినైనా ఉన్నపళంగా కరవడం అరుదు. బ్రిటన్‌కు చెందిన పశువైద్యురాలు కెండల్ షెపర్డ్ దాని హెచ్చరికలను ఒక నిచ్చెనగా చిత్రించింది. అట్టడుగు మెట్ల మీద నిద్ర రాకపోయినా ఆవులించడం, ఆహారం లేకపోయినా ముక్కు నాక్కోవడం, తల పక్కకు తిప్పుకోవడం ఉంటాయి. తరువాత లేచి దూరంగా జరగడం, ఒంగి తోక కాళ్ళ మధ్య ముడుచుకోవడం వస్తాయి. అవి పనిచేయకపోతే ఒళ్ళు బిగుసుకుని తేరిపార చూడడం, ఆపైన గుర్రుమనడం, గాలిలోకి కరవబోవడం, అన్నిటికీ చివర కరవడం. ప్రతి మెట్టూ నాకు ఇబ్బందిగా ఉంది, దూరం జరుగు అని చెప్పే మాటే. కింది మెట్లు ఎవరూ గమనించని ఇంట్లో కుక్క పై మెట్టుకు ఎక్కక తప్పదు. అది గుర్రుమన్నప్పుడు 'బిడ్డ మీదే గుర్రుమంటావా' అని కొట్టడం చాలా ఇళ్ళలో జరిగేదే. ఆ దెబ్బతో గుర్రు ఆగిపోతుంది గాని బిడ్డంటే ఉన్న బెదురు పోదు, పైగా బిడ్డ దగ్గరున్నప్పుడే దెబ్బలు పడతాయన్న కొత్త కారణం దానికి తోడవుతుంది. సోఫా చాటున మూత్రం పోయడం నేర్చిన కుక్కలాగే ఇదీ తన ఇబ్బందిని దాచడం నేర్చుకుని, ఒకనాడు ఏ హెచ్చరికా లేకుండా కరుస్తుంది. 'ఇన్నేళ్ళూ ఏమీ అనలేదు, హఠాత్తుగా కరిచింది' అన్న మాట వెనుక నోరు నొక్కేసిన హెచ్చరికలు చాలాసార్లు ఉంటాయి.

గుర్రుమన్న కుక్కకు సరైన జవాబు బిడ్డను నిదానంగా ఎత్తుకుని అవతలికి తీసుకువెళ్ళడం, ఆ తరువాత కారణం వెతకడం. ఆ కారణం ఎక్కడ దొరకవచ్చునో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పశువైద్యశాల రికార్డుల ఆధారంగా 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనం సూచిస్తుంది. 111 మంది పిల్లలను కరిచిన 103 కుక్కలను పరిశీలించినప్పుడు, ఆరేళ్ళ లోపు పిల్లలు ఎక్కువగా కాటుకు గురైనది కుక్క తన తిండినో ఆటవస్తువునో కాపాడుకునే సందర్భంలోనని తేలింది. తెలుగు ఇళ్ళలో ఈ ప్రమాదానికి అనువైన దృశ్యం రోజూ కనిపిస్తుంది: చేతిలో బిస్కట్టుతో తిరిగే బిడ్డ గుప్పిట సరిగ్గా కుక్క మూతి ఎత్తులో ఉంటుంది, తల్లి వెంటపడి తినిపించే అన్నం మెతుకులు నేలంతా రాలుతుంటాయి. బిడ్డ తినేటప్పుడు కుక్క, కుక్క తినేటప్పుడు బిడ్డ మరో గదిలో ఉండడం ఎంత చిన్న ఏర్పాటో అంత గట్టి రక్షణ. తిండి మీద పట్టు పోవాలని కుక్క తింటుండగా గిన్నె లాగేసే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది; అది కుక్క అనుమానాన్ని నిజం చేస్తుంది. తింటున్న గిన్నెలోకి దూరం నుంచి ఇంకా రుచికరమైన ముక్క వేస్తూ పోతే మనిషి రాక దానికి లాభంగా తోస్తుంది. ఈ అభ్యాసం పెద్దలు చేయవలసినది, పిల్లల చేత చేయించకూడనిది.

పిల్లలు కుక్క మొహాన్ని చదవలేరన్న సంగతి పెద్దలకు సాధారణంగా తట్టదు. పళ్ళు బయటపెట్టిన కుక్క బొమ్మను చూసి అది నవ్వుతోందని చెప్పే చిన్నపిల్లలు తక్కువేమీ కారని ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయంలో కెర్‌స్టిన్ మైంట్స్ బృందం చేసిన పరిశోధనలు చూపాయి. నవ్వే కుక్కను ముద్దు పెట్టుకోవాలని బిడ్డ వంగుతుంది. చిన్నపిల్లలకు కాట్లు ఎక్కువగా మొహం మీద, తల మీద, మెడ మీద పడడానికి వారి ఎత్తుతో పాటు ఈ వంగడమూ కారణమే. మెడ చుట్టూ చేతులు వేసి కౌగిలించడం మనుషుల్లో ప్రేమ, కుక్కల్లో మాత్రం కదలనివ్వకుండా పట్టుకోవడం. ఐదారేళ్ళ పిల్లలకు రెండు అలవాట్లు నేర్పవచ్చు. కుక్కను తమ దగ్గరికి రానివ్వాలే తప్ప తాము దాని దగ్గరికి వెళ్ళకూడదు. మూడు లెక్కపెట్టేంతసేపు నిమిరి చెయ్యి తీసేసి, అది మళ్ళీ దగ్గరికి జరిగితేనే మళ్ళీ నిమరాలి. అంతకన్నా చిన్నవారికి నేర్పడం మీద భరోసా పెట్టుకోకూడదు, వారికి కావలసినది మధ్యలో తడికె లేదా తలుపు. పెద్దవాళ్ళు అదే గదిలో ఉండి ఫోను చూసుకోవడాన్ని కనిపెట్టి ఉండడం అనలేము. కుక్కకు కూడా బిడ్డ అడుగుపెట్టని మూల ఒకటి ఉండి, అక్కడ పడుకున్నప్పుడు దాన్ని ఎవరూ కదిలించని కట్టుబాటు ఇంట్లో ఉండాలి. ఉయ్యాలలో ఉన్నన్నాళ్ళూ బిడ్డను పట్టించుకోని కుక్క, అదే బిడ్డ పాకడం మొదలుపెట్టి తన పడక దాకా వచ్చినప్పుడు తొలిసారి గుర్రుమనడం కద్దు. కొత్త ఏర్పాట్లు ఆ నెలకు ముందే పూర్తి కావాలి.

విసర్జనకూ పిల్లలకూ నేరుగా ఉన్న లంకె నులిపురుగులు. టాక్సోకారా అనే పురుగు కుక్కపిల్లల్లో తల్లి గర్భం నుంచే ఉండవచ్చు. వాటి మలంలో పడిన గుడ్లు అప్పటికప్పుడు హాని చేయవు, మట్టిలో వారాల పాటు పరిపక్వమైన తరువాత పిల్లల చేతుల ద్వారా నోటికి చేరి కాలేయానికీ, అరుదుగా కంటికీ చేటు చేస్తాయి. పశువైద్యుడు చెప్పిన వేళలకు నులిపురుగుల మందు వేయిస్తూ, మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తిపారేస్తే ఆ చక్రం తెగిపోతుంది. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, వైద్యుడు చెప్పిన ప్రకారం మళ్ళీ మళ్ళీ టీకా తప్పనిసరి.

ఎన్ని ఏర్పాట్లు చేసినా పన్ను తగలడమో, గోరు గీరడమో జరగవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం రేబిస్ వల్ల ఏటా సుమారు 59,000 మంది చనిపోతుండగా వారిలో దాదాపు 40 శాతం పదిహేనేళ్ళ లోపు పిల్లలు. కుక్కను ఏడిపించినందుకు తమనే తిడతారన్న భయంతో చిన్న గాటును ఇంట్లో చెప్పకుండా దాచే పిల్లలున్నారు. రోగలక్షణాలు కనిపించిన తరువాత ఈ వ్యాధికి చికిత్స దాదాపు లేదు. కనుక కుక్క ఉన్న ప్రతి ఇంట్లోనూ తల్లిదండ్రులు పిల్లలకు ముందుగానే మాట ఇవ్వాలి: కుక్క గీరిందని, కరిచిందని వచ్చి చెప్పిన రోజున తప్పు ఎవరిదైనా తిట్టబోమని. చెప్పిన వెంటనే గాయానికి కారం, సున్నం, పసుపు వంటివేవీ పూయకుండా, ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఇంటి కుక్కే కదా అని ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.